మనాది మందుల సిస్టరమ్మ

కాదు బావా, నిన్న నువ్వన్న మాట తప్పు. నిన్ననే మొఖం మీద చెప్పేటోణ్ణి. నన్ను కన్న అవ్వ అక్కడనే కూసున్నది, అల్లునితోని లొల్లి ఎందుకని చెప్పులేసుకొని బయటికి పోయిన. పోయి ఏం లాభం? రోడ్డు దాంక పోయిన, మళ్లొచ్చిన, మళ్ల పోయిన. నీ మాట నా ఎనుకనే వచ్చింది. అందుకే గిది రాస్తున్న.

సదివేటోళ్లకు ముందుగాల సంగతి చెప్పాలె. మా సిస్టరమ్మ పోయింది. మూడొద్దులాయె. మనాది అంటరు సూడున్రి, మనిషి లోపట్లోపట కుంగిపోయేది, దానికి ఏ మందు మంచిగ పనిచేస్తదో తెలుసుకునేటందుకు డాక్టర్లు పరీక్ష పెట్టిండ్రు. ఆ పరీక్షల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల ఊర్లు పట్టుకొని తిరిగిన నర్సు ఆమె. నేను మహబూబాబాద్ మార్కెట్ల బొలెరోకెల్లి మిర్చి బస్తాలు దించుతున్న. ఆ పరీక్ష పెట్టిన డాక్టర్ సాబ్ ఫోన్ చేసి, "సిస్టరమ్మ లేదురా" అన్నడు. "మళ్ల ఏ ఊరికి పోయింది సార్?" అన్న. "లేదురా" అని మళ్లొకసారి అన్నడు. అప్పుడు సమజైంది. భూపాలపల్లిల ఇంట్లనే, తానం చేసొచ్చి కుర్సీల కూసున్నదట. కూసున్నది కూసున్నట్టే గుండె ఆగిందట.

సగం బస్తాలు బండిలనే ఉన్నయ్. హమాలీలకు అప్పజెప్పి భూపాలపల్లి పోయిన. ఆమె ఇంటి ముందట మస్తు మంది ఉన్నరు. తండాలకెల్లి వచ్చిన ఆడోళ్లు, పంచెలు కట్టిన ముసలోళ్లు, నా ఈడు పోరగాళ్లు. ఒకలకొకలం తెల్వదు. అయినా "ఆమె నీకెట్ల తెల్సు?" అని ఎవ్వలు ఎవ్వలను అడగలే. అడిగితే చెప్పాలె గద. అందరం గోడకు ఆనుకొని నేల సూసుకుంట నిలవడ్డం. అందరికీ సమజైంది, ఈడున్నోళ్లందరం ఆమె కాయితాలల్ల ఉన్నోళ్లమే అని.

నేను అక్కడికెల్లి వచ్చినంక అన్నం తినలే. నిన్న మా బావ దంతాలపల్లికెల్లి మా ఇంటికొచ్చిండు, ఇంకా ఈన్నే ఉన్నడు. మా అక్క మొగడు. నన్ను సూసి నవ్విండు.

"ఏంది బామ్మర్దీ, సొంత మనిషి పోయినట్టు చేస్తున్నవ్? ఆమె జీతం తీసుకొని మీ మీద మందులు పరీక్ష చేసింది. మీరు వాళ్లకు కుందేళ్లు రా. ఇప్పుడు ఆమెనే పోయె. అత్తమ్మా, నువ్వు గూడ ఆ గోలీలు బంద్ చెయ్యి. ఇచ్చినామెకే గ్యారెంటీ లేదు."

గంతే. అవ్వ నిన్న మాపటి గోలీ ఏసుకోలే. ఇయ్యాల పొద్దుగాల ఏసుకునే బీపీ గోలీ గూడ ముట్టలే. గోలీల డబ్బ మూత గూడ తియ్యలే. బావా, నీకు అది ఒక మాట. నాకు అది మా అవ్వ పాణం.

అవును, పరీక్షనే చేసిండ్రు. నేను కాదన్ననా? అయితే ఎట్ల చేసిండ్రో నీకు తెల్వది, ఇను.

అప్పట్ల నాకు ఏమైతున్నదో నాకే తెల్వకుండె. ఒక్కకాడ నిలువబుద్ది కాకపోవు. పండుకుంటె నిద్ర రాదు, లేస్తె లేవబుద్ది కాదు. ఒక దినం జఫర్‌గఢ్ దాటినంక బండి పక్కకు ఆపి, తాళంచెవి దాంట్లనే ఇడిసి నడుసుకుంట పోయిన. లోడ్ ఉన్నది బండిల. ఎటు పోతున్ననో తెల్వది. తాగిండన్నరు. తాగలే. గాలి సోకిందన్నరు. అవ్వ నిమ్మకాయలు తిప్పి పారేసింది. ఆఖరికి తరిగొప్పుల దవాఖానకు తోలుకపోతె ఆడ వరండల ఒకామె చాపేసుకొని కూసున్నది. యూరియా బస్తా కవర్ల చుట్టిన ఫైళ్లు పక్కకు పెట్టుకున్నది. కుర్సీ ఉన్నది గని కూసోలే. "కుర్సీల కూసుంటె మీరు నిలవడ్తరు, చాప మీద కూసుంటె మీరు గూడ కూసుంటరు" అన్నది తర్వాత ఎప్పుడో.

నా ముంగట కాయితం తీసి సదివింది. దాంట్ల ఉన్న తెలుగు నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. ఆమెకు తెల్సు కాదని. సదివి పక్కకు పెట్టింది.

"అంటే ఏందంటే బిడ్డా, రెండు తీర్ల డబ్బలుంటయ్, నీకొకటొస్తది. నిన్ను ఎవ్వలు గుంజుకొస్తలేరు. నచ్చితె ఉండు, నచ్చకపోతె రేపే పో. పోయినా దవాఖానల నీకు మందులు బంద్ కావు. ఇప్పుడు నువ్వు చెప్పు నాకు, ఏం సమజైంది?"

"ఒక డబ్బల మందుంటది, ఇంకో డబ్బల ఉత్తది ఉంటది."

"కాదు. రెండూ మందులే. ఒకటి ఎన్కటి సంది ఇస్తున్నది, ఇంకోటి కొత్తది. ఏది ఎవలకు పడ్తదో ఇంకా తెల్వది. తెల్వది గనకనే అడుగుతున్నం. మళ్ల చెప్పు."

మూడుసార్లు చెప్పిచ్చింది. తొమ్మిదిల బడి ఇడిసినోణ్ణి, మళ్ల బడికి తెచ్చినవా సిస్టరమ్మా అన్న. "ఈ బళ్లె కొట్టుడు లేదు, భయపడకు" అన్నది.

"నాకు ఏ డబ్బ వచ్చిందో నీకు తెల్సా?"

"తెల్వది."

"డాక్టర్ సాబ్‌కు?"

"ఆయనకు గూడ తెల్వది."

"మరి ఎవలకు తెల్సు?"

"కంప్యూటర్‌కు."

"అది చెప్పదా?"

"పాణం మీదికొస్తెనే చెప్తది. గట్ల అడిగే దినం రావద్దని మొక్కు."

పదిహేను దినాలకొకసారి మా ఇంటికొచ్చేది. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచేది. వానకాలం చెప్పులు చేతవట్టుకొని బురదల నడిచొచ్చేది. ఏ ఇంట్ల నీళ్లిచ్చినా తాగేది. సీసా ఉంటదా సంచిల, ఉంటది. అయినా ఇచ్చినయే తాగేది. నీళ్లు తాగకుండ మనాది ముచ్చట అడిగితె ఎవలు చెప్తరు అనేది.

నేను మొదటి వారమే ఫోన్ చేసి మొదలువెట్టిన. ఏం ఫరక్ లేదు, ఉత్తదే ఇచ్చినవ్ అని. ఆమె నవ్వి, "మందు కొత్త కోడలసొంటిది బిడ్డా. వచ్చిన దినమే వంట చెయ్యమంటె చేస్తదా? మూడు వారాలు ఆగు. ఇల్లు తెల్వాలె, వాకిలి తెల్వాలె" అన్నది. నాకు ఆగుడు చాతగాదు. ఆగమన్నోళ్ల మీద మంట లేస్తది. గని ఆమె చెప్పినట్టే మూడో వారం ఒక పొద్దు నిద్రకెల్లి లేచి సూస్తె ఎండ వచ్చింది. అన్ని దినాల సంది నాకంటె ముందు ఎండ రాలే.

ప్రశ్నలు అడిగేది. నిద్ర, ఆకలి, పని మీద మనసు, నీ మీద నీకు కోపం. అన్ని రాసుకుంట అడిగేది. ఆఖర్న ఒకటుండె. బతుకబుద్ది అయితలేదా అని. అది అడిగేటప్పుడు పెన్ను కింద పెట్టేది. నా దిక్కే సూసేది. నేను మొదటిసారి లేదన్న. ఆమె పెన్ను తియ్యలే. నేను బయటికి సూసిన, గోడ సూసిన, కాలి గోరు సూసిన. ఆఖరికి, "అప్పుడప్పుడు" అన్న. అప్పుడు పెన్ను తీసింది. "చెప్పినవ్ గద, సగం దిగింది" అని, అప్పటికప్పుడే డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేసి నన్ను మాట్లాడిచ్చింది. ఆ దినం ఆఖరి బస్సు పోయింది ఆమెకు.

ఇగ నేను చేసిన పని చెప్త. దాచి లాభం లేదు.

మా బాపు పోయినప్పటి సంది అవ్వ గూడ మంచిగ లేకుండె. నేను నా లొల్లిల సూడలే. తల దువ్వుకోకపోవు. చేనుకాడికి పోతె పోయినకాడనే కూసునుడు. సిస్టరమ్మ నన్ను ప్రశ్నలు అడుగుతుంటె అవ్వ పొయ్యికాడ కూసొని ఒక్కొక్కదానికి తల ఊపేది. నిద్ర పడ్తలేదా? ఊపేది. పని మీద మనసు పోతలేదా? ఊపేది. నేను సూసిన. సిస్టరమ్మ కండ్లు కాయితం మీదున్నయ్, సూడలే.

నాకు జర నయమైతున్నది గద. నేనొక్కణ్ణి బాగుపడి ఏం చేసుకోవాలె? మా బాయి మోటరు పాలోళ్లతోని, దాయాదులతోని, వంతుల మీద నడుస్తది. ఒకొద్దు వాళ్లు, ఒకొద్దు మేము. చిన్నప్పటి సంది సూసిన. ఉన్నది ఒక్కటే అయితె వంతు పెట్టుకుంటరు. గోలీలకు గూడ గట్లనే వంతు పెట్టిన. "అవ్వా, ఇయ్యాల నీ వంతు, రేపు నా వంతు." అవ్వ ఫస్టు వద్దన్నది. "దవాఖానోళ్లకు తెలిస్తె?" అన్నది. "డబ్బల లెక్క కరెక్టుంటది, ఎట్ల తెలుస్తది?" అన్న. తెల్వలే. సిస్టరమ్మ ఖాళీ డబ్బ సూసి, "ఒక్కటి గూడ తప్పలే, శబ్బాష్ బిడ్డా" అన్నది. నేను నవ్విన. ఆ నవ్వు యాదికొస్తె ఇప్పటికీ చెంప మీద కొట్టుకోబుద్ది అయితది.

నెల తిరక్కముందే నాకు మళ్ల ఎన్కటి లెక్కనే అయింది. సగం గోలీలతోని ఏమైతది? అవ్వకు తల తిరుగుడు మొదలైంది. పత్తి ఏరుకుంట ఏరుకుంట చేన్ల పడ్డది. పిలిస్తె పలుకలే. ఆటోల ఏసుకొని జనగామ దవాఖానకు ఉరికినం. ఒంట్ల ఉప్పు తగ్గిందన్నరు. "బీపీ గోలీ గాక ఇంకేమన్న ఏసుకుంటున్నదా?" అని డ్యూటీల ఉన్న డాక్టర్ అడిగిండు.

లేదన్న. రెండుసార్లు అడిగితె రెండుసార్లు లేదన్న.

సిస్టరమ్మకు ఎవలో ఫోన్ చేసిండ్రు. మహబూబాబాద్ దిక్కు ఊర్లె ఉండె, ఎట్లొచ్చిందో వచ్చింది. మంచం మీదున్న అవ్వను సూసింది, నన్ను సూసింది. వేరే ఏం అడగలే.

"ఎన్ని దినాల సంది?"

"నెల."

"ఒకలు ఇడిసి ఒకలా?"

"వంతులు..."

నా చెయ్యి పట్టుకొని డాక్టర్ ముందట నిలవెట్టి చెప్పిచ్చింది. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేసింది. ఇంక అప్పుడు కంప్యూటర్ల తెరిచిండ్రు, ఎవలకూ చెప్పని ఆ మందు పేరు. నేను అన్ని దినాలు కొత్త మందు, మంచి మందు అనుకొని అవ్వకు పంచిన. తీరా సూస్తె పాతదే. ఎన్కటి సంది అందరికీ ఇచ్చేదే. మందు పేరు దొరికింది గనక అవ్వ బీపీ గోలీకి దీనికి కలిసి పడలేదని తేలింది, బీపీది మార్చిండ్రు. మూడో దినం అవ్వ లేచి కూసున్నది.

ఇగ అక్కడ దవాఖాన మెట్ల మీద నాకు సిస్టరమ్మకు కొట్లాటయింది. ఆమె కాయితం తీసి రాస్తున్నది. నేను చెయ్యి అడ్డం పెట్టిన.

"రాయకు సిస్టరమ్మా. నన్ను తీసేస్తరు. అవ్వకు మంచిగనే అయింది గద. ఎవలకు తెల్వది."

"చెయ్యి తియ్యి."

"నీకు మా మీద ఏం లేదా? కాయితమే ఎక్కువనా?"

"బిడ్డా, నేను రాయకపోతె మీ అవ్వ పడనట్టే అయితది. రేపు ఎక్కడనో ఇంకో కొడుకు ఇంకో అవ్వకు వంతు పెడ్తడు. ఆమె గూడ పడ్తది. అప్పుడు ఎవలను అడుగుతం?"

చెయ్యి తియ్యలే నేను. ఆమెనే మెల్లగ పక్కకు జరిపి రాసింది. నేను లేచి ఉరికిన. పరీక్షలకెల్లి నా పేరు తీసేసిండ్రు. నెల దినాలు ఆమె ఫోన్ చేస్తె నేను ఎత్తలే. కోపం ఆమె మీదనా, నా మీదనా, ఇప్పటికీ చెప్పలేను.

ఒక దినం చేన్లకెల్లి ఇంటికొస్తె ఆమె మా వాకిట్ల అవ్వ పక్కన కూసొని చిక్కుడుకాయ ఏరుతున్నది. ఫైళ్ల సంచి లేదు.

"నీ పరీక్ష అయిపోయింది గద, ఎందుకొచ్చినవ్?" అన్న.

"నువ్వు పరీక్షలకెల్లి పోయినవ్. దవాఖానకెల్లి పోలే. అందుకొచ్చిన" అన్నది. అవ్వ దిక్కు సూపెట్టి, "ఈమె దగ్గరికి ముందుగాలనే రావాల్సుండె" అన్నది.

అప్పుడు చెప్పింది. ఆ దినం కాయితంల నా తప్పు ఒక్కటే రాయలేదట. తన తప్పు గూడ రాసుకున్నదట. "ఇంట్ల ఇంకెవలకన్న బాగలేదా అని నేను ఎన్నడు అడగలే, తల్లి తల ఊపుతుంటె నేను సూడలే" అని. పైనోళ్లు మాటలన్నరట. దాని తర్వాత మూడు జిల్లాలల్ల ప్రతి ఇంట్ల ఇంకో ప్రశ్న అడుగుడు షురూ చేసిండ్రు. ఈ గోలీలు ఇంట్ల ఇంకెవలన్న ఏసుకుంటున్నరా అని. మొదటి నెలనే నాలుగిండ్లల్ల అవునన్నరట. నాలుగిండ్లు బావా! నాసొంటోళ్లు. ఇయ్యకుండ ఎట్లుంటం, కడుపుల పుట్టిన బుద్ధి అది. ఎవ్వలను తిట్టలేదట. ఇంట్లోళ్లను గూడ దవాఖానకు తోలుకపోయి వాళ్ల మందులు వాళ్లకు ఇప్పిచ్చిందట. నాకు, మా అవ్వకు గూడ గట్లనే ఇప్పిచ్చి, మళ్ల పదిహేను దినాలకొకసారి వచ్చి అడిగేది.

ఎందుకు గింత తిరుగుతవ్ సిస్టరమ్మా, రిటైరైతివి గద అని అడిగిన ఒకసారి. బస్టాండుల బస్సు కోసం నిలవడ్డం. చెప్పదనుకున్న. చెప్పింది. ఆమె ఇంటాయన బొగ్గుబాయిల పనిచేసెటోడట. ఉన్నట్టుండి మాట బంద్ చేసిండట. ఒక మందు ఇచ్చిండ్రు, పడలే. ఇంకోటి, పడలే. నాలుగోది పడ్డది, గని అప్పటికి రెండేండ్లు పోయినయ్. "ఆ రెండేండ్లు ఎవలు తెచ్చిస్తరు? డాక్టర్ల తప్పు కాదు. ఎవలకు ఏది పడ్తదో ముందుగాల తెల్వది, అందాజ మీద ఇస్తరు. ఆ అందాజ జర తగ్గాలె, గంతే నా ఆశ" అన్నది. బస్సొచ్చింది, ఎక్కింది. సీటు దొరకలే, నిలవడే పోయింది.

ఇప్పుడు చెప్పు. కుందేలును ఎవలన్న మూడుసార్లు సమజైందా అని అడుగుతరా? కుందేలు నచ్చకపోతె పోతదా? పోతె ఎనుక ఎవలన్న నడుసుకుంట వస్తరా?

ఒక్కటి మాత్రం నన్ను కూసోనిస్తలేదు. ఆ పరీక్ష ఇంకా అయిపోలే. పాతది మంచిదా, కొత్తది మంచిదా, ఇంకా తేలలే అన్నడు డాక్టర్ సాబ్. ఇంటింటికి బురదల తిరిగినామె జవాబు తెల్వకుండనే పోయింది. నేనైతె గట్ల ఒక్క దినం ఉండలేను. ఆమె ఎట్లున్నదో.

గిదంతా నీకు చెప్పాలెనని పొద్దుగాల లేచిన. లేచి ముందుగాల అవ్వకాడికి పోయిన. బావ మాట పట్టుకొని గోలీ బంద్ చేస్తవా అని ఒర్రిన. అవ్వ నా దిక్కు సూసి అన్నది, "అల్లుడన్నడని గాదురా. పదిహేనొద్దులకొకసారి, ఎట్లున్నవ్ వదినా అని ఒకామె అడుగుతుండె. ఆమె అడుగుతదని ఏసుకుంటుంటి. ఇగ ఏసుకున్నా ఏసుకోకున్నా అడిగేటోళ్లెవలు?"

"నేనడుగుత."

"నువ్వా? నువ్వు నిలవడి మంచినీళ్లు గూడ తాగవు."

నిజమే అది. గక్కడనే గడప మీద కూసున్న. కాళ్లు ఊగుతనే ఉన్నయ్, చేతులతోని పట్టుకున్న. "రాత్రి నిద్ర పట్టిందా అవ్వా?" అన్న. పట్టలే అన్నది. "ఆకలైతున్నదా?" కాలే అన్నది. ఆ ఆఖరిది అడిగేటందుకు నాకు నోరు రాలే. సిస్టరమ్మ ఇన్ని ఇండ్లల్ల, ఇన్నిసార్లు ఎట్ల అడిగిందో ఆమెకే తెల్వాలె. ఆఖరికి అడిగిన.

అవ్వ నా మొఖం సూసింది. "గంత లేదురా. గుబులైతున్నది, గంతే. భయపడకు" అన్నది. నా తల మీద చెయ్యి పెట్టింది. ఇగ లేచి దువ్వెన కోసం ఎతికింది.

ఇయ్యాల జనగామల డాక్టర్ సాబ్ కూసునే దినం. అవ్వ చీర మార్చుకున్నది. "పా మరి. ఏసుకోవాల్నా వద్దా, రెండు పూటలు ఇడిసిన, ఏమైతది, నా నోటితోని నేనే అడుగుత. అల్లుణ్ణి గూడ రమ్మను. ఆయన అనుమానం ఆయననే అడుగనియ్. మన ఇంట్ల కూసొని అడిగితె డాక్టర్‌కు ఇనవడ్తదా?" అన్నది.

మిగిలింది రాద్దామని కూసున్న గని అయితలేదు. ఎవలను ఎన్నడు ఏదీ ఎదురు నిలవడి అడగని మా అవ్వ బండి ఎక్కి ముందు సీట్ల కూసున్నది. బావా, నువ్వు ఒక చెప్పు ఏసుకొని రెండోది ఎతుకుతున్నవ్. మంచం కింద ఉన్నది సూడు. అవ్వ పక్కకు వంగి హారన్ కొడుతున్నది. ఇంతకు ముందు ఎన్నడు బండిని ముట్టలే ఆమె, ఆపుడు తెల్వది, కొడుతనే ఉన్నది. వాడకట్టోళ్లందరు బయటికొచ్చి సూస్తున్నరు. ఇగ పోవాలె నేను.